అల్యూమినియపు అతుకులలో అగపడని లోపములు



చోడవరము ప్రాంతమున బెల్లము వండువారికి తెడ్డు విలువ తెలియును. తెడ్డు అడుగునకు చేరనిచో పాకము అడుగంటును. పైకి మాత్రము చక్కగనే కనబడును. లోహములను అతుకుటలోను ఇట్టి పని యొకటి కలదు. దానిని ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అందురు. 1991లో ఇంగ్లండులోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ వారు దీనిని కనుగొనిరి. అమెరికావారి స్పేస్ షటిల్ ఇంధనపు తొట్లకును, జపానులోని రైలుపెట్టెలకును ఇది ఉపయోగపడినది.

ఇందు మంట లేదు. రెండు రేకులను అంచులు చేర్చి బిగించి, గిరగిర తిరుగు ఉక్కుమేకును సందులోనికి దింపి ముందునకు నడపుదురు. శుద్ధ అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. ఇచట లోహము కరుగు వేడిమి వరకు పోదు; రాపిడికి పిండివలె మెత్తబడి, మేకు చుట్టును తిరిగి, వెనుక ఒకటగును.

అల్యూమినియములో సిలికాన్ కార్బైడు పలుకులు కలిపి గట్టిపరచిన లోహమును కాంపోజిట్ అందురు. దానిని కరగించి అతికినచో పలుకులు కరగిన లోహముతో కలిసి అల్యూమినియం కార్బైడు అను పెళుసు పదార్థము పుట్టును. అది తడికి చెడును. కావున కరగించని పద్ధతియే మేలు. అయితే సిలికాన్ కార్బైడనగా కత్తులు నూరు సానచక్రములలోని పదార్థమే! సానపొడిలో తిరుగు మేకు అరుగక యేమగును? మేకు మరలు అరిగినకొలది లోహపు కదలిక తగ్గి, అతుకులోపల సొరంగము వంటి బోలు ఏర్పడును. వేగము పెంచినచో వేడి చాలును గాని మేకు మరింత అరుగును. తగ్గించినచో వేడి చాలక మరల బోలే. టంగ్‌స్టన్ కార్బైడు మేకులు కొంత నయము.

వేడి మించి అంచులకు పొంగివచ్చిన లోహము కంటికి కనబడును, దానికంత భయపడనక్కరలేదు. భయపడవలసినది అంటీముట్టని అతుకునకు. మేకు పొట్టిదైనను, అంచులపైని ఆక్సైడు పొర చెదరకున్నను, అడుగున రెండు రేకులు తాకియుండును గాని కలియవు. ఎక్స్‌రే చిత్రములో ఇది పెక్కుసారులు చిక్కదు. నమూనా ముక్కను కోసి, అడుగుభాగము వెలుపలికి వచ్చునట్లు వంచినచో నోరు తెరచును. విశాఖపట్టణపు కార్ఖానాలలో పనికి చేరు యువకులు నునుపైన పైభాగమును చూచి సరియని ముద్ర వేయరాదు. ఆ రేకు మోయు బరువు క్రింద మనుష్యులుందురు.

చివర మేకును పైకెత్తినచోట గుంట మిగులును. కొందరు దానిని చూచి బెదరుదురు. రేకును కొంచెము పొడుగుగా తీసికొని, ఆ కొసను కోసివేసిన చాలును.