చిన్న గొర్రెల మంద పెంపకం - ఈత మొదలు ఉన్ని కత్తిరింపు వరకు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పే పంతులం. మా తెలుగులో తప్పులు దొర్లితే పెద్ద మనసుతో మన్నించండి. ప్రతి ఏటా ఈ వేదిక మీద చదువు గురించే మాట్లాడాము. ఈసారి గొర్రెల గురించి చెబుతామంటే కొందరు మిత్రులు నవ్వారు. కాని ఇది కూడా చదువుకు సంబంధించిన విషయమే. ఎట్లాగో చెబుతాము.

2018లో మా అన్నగారు కాలం చేశారు. వదినగారికి మిగిలినవి ఇద్దరు ఆడపిల్లలు, పాలమూరు వైపు ఊరి బయట రెండెకరాల మెట్ట చేను. కుట్టు మిషను ఇప్పిద్దామని అందరూ అన్నారు. ఆమెకు చూపు మందం, సూదిలో దారం ఎక్కదు. చివరికి ఇంట్లో అందరం కూడబలుక్కుని 2019 వానాకాలంలో పది గొర్రెలు, ఒక పొట్టేలు కొన్నాము. ఆదివారాలు, సెలవు రోజులు మేము కూడా మంద వెంట తిరిగాము. అట్లా నేర్చినదే ఈ రోజు చెప్పేది.

మేము కొన్నవి దక్కని గొర్రెలు. నల్లగా ఉంటాయి, ముతక ఉన్ని వస్తుంది, ఎండకూ కరువుకూ తట్టుకుంటాయి. మనం ఇంట్లో మాట్లాడే భాషా దక్కనీయే, ఈ గొర్రే దక్కనీయే! నెల్లూరు జాతి పొడుగ్గా, బరువుగా ఉంటుంది, మాంసానికి మంచిది గాని దానికి ఉన్ని ఉండదు. పొట్టేలు ఒకటి ఉంటే ఇరవై గొర్రెలకు పైగా సరిపోతుంది. కాని రెండేళ్ళకోసారి దాన్ని మార్చాలి. లేకుంటే తన పిల్లలనే దాటుతుంది, మంద బలహీనపడుతుంది.

గొర్రె కడుపుతో ఉండేది సుమారు అయిదు నెలలు. వానలకు పచ్చిక తిని ఎదకు వచ్చినవి చలికాలంలో ఈనుతాయి. కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది చివరి నెలన్నరలోనే. సరిగ్గా అప్పుడే బయట మేత తగ్గుతుంది. అందుకని ఆ రోజుల్లో చూడి గొర్రెకు పూటకింత తవుడు, వేరుశనగ చెక్క, కందిపొట్టు పెట్టాలి. ఇక్కడ పిసినారితనం చేస్తే పిల్ల బక్కగా పుడుతుంది, తల్లికి పాలు రావు.

ఈనేటప్పుడు ముందు రెండు కాళ్ళు, వాటి మీద ముట్టె కనబడితే సరైన కాన్పు. మనం చెయ్యి పెట్టే పని లేదు. ఉమ్మనీరు పోయి గంట దాటినా పిల్ల రాకపోతే పశువైద్యుణ్ణి పిలవాలి, లాగకూడదు. పిల్ల పడగానే ముక్కు, నోరు తుడవాలి. తల్లిని నాకనివ్వాలి, ఆ వాసనతోనే అది తన పిల్లను గుర్తుపడుతుంది. బొడ్డుకు టింక్చరు అయోడిన్ పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం ముర్రుపాలు. గంటా రెండు గంటల లోపల పిల్ల కడుపులో పడాలి. కొందరు ముర్రుపాలు అరగవని పిండి పారబోస్తారు. అది చాలా తప్పు. రోగాలకు అడ్డుపడే శక్తి పిల్లకు ఆ పాలతోనే వస్తుంది. తల్లి దగ్గరకు రానివ్వకపోతే దాన్ని కట్టేసి అయినా తాగించాలి. వదినగారు డిసెంబరు చలిలో లాంతరు పెట్టుకుని కొట్టంలోనే పడుకున్న రాత్రులు మేము చూశాము.

మొదటి ఈతలో తొమ్మిది పిల్లలు. మేమంతా ఎంతో సంబరపడ్డాము. 2020 జూన్‌లో తొలకరి వానలు పడి, లేత గడ్డి మొలిచింది. పిల్లలు కడుపునిండా మేశాయి. ఒకరోజు పొద్దున రెండు చచ్చి పడి ఉన్నాయి. మరునాడు ఒకటి, ఆ మరునాడు ఇంకొకటి ఎగిరిపడి, గిలగిల కొట్టుకుని కళ్ళ ముందే పోయింది. అన్నీ బాగా బలిసిన పిల్లలే. దాన్నే చిటుక రోగం అంటారు. చిటిక వేసినంతలో ప్రాణం తీస్తుంది, మందుకు సమయం ఇవ్వదు. పేగులో ఉండే సూక్ష్మజీవి లేత మేత అతిగా తిన్నప్పుడు పెరిగి విషం పుట్టిస్తుంది. దీనికి టీకా ఉంది. తల్లులకు వేయించి ఉంది గదా, పిల్లలకు అక్కర్లేదనుకున్నాము. తప్పు మాదే. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఎక్కువ కాలం ఉండదు.

వదినగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మంద అమ్మేద్దామన్నారు. పక్క చేనులో మేపే కురుమ పెద్దాయన వచ్చి, "గొర్రె చచ్చిందని ఏడిస్తే ఎట్ల బిడ్డా, ఎందుకు చచ్చిందో తెలుసుకో" అన్నాడు. ఆ మాట మేము ఇప్పటికీ బడిలో పిల్లలకు చెబుతుంటాము.

ఆ తర్వాత గోడ మీద సున్నంతో రాసి పెట్టాము. వానలకు ముందు చిటుక రోగం టీకా, మొదటిసారి వేసే పిల్లలకు రెండు మూడు వారాల తర్వాత ఇంకొకసారి. పారుడు రోగం టీకా మూడేళ్ళకు ఒకటి. వానలకు ముందూ తర్వాతా నట్టల మందు. నీలి నాలుక వ్యాధి దోమలాంటి చిన్న ఈగల వల్ల వస్తుంది, కనుక వానాకాలం దొడ్డిలో నీళ్ళు నిలవనివ్వకూడదు, సాయంత్రం వేపాకు పొగ వెయ్యాలి. మంచు ఆరకముందు మేతకు తోలకూడదు. ఆ తర్వాత చిటుక రోగంతో ఒక్క పిల్లా పోలేదు, అల్‌హందులిల్లాహ్.

మూడు నెలలకు పాలు మాన్పించవచ్చు. బక్రీదుకు కొనేవారు పళ్ళు చూస్తారు. గొర్రెకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు. కింద ఎనిమిది పాలపళ్ళు ఉంటాయి. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య నడిమి రెండు ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. అదే "దో దాంత్". ఆ తర్వాత దాదాపు ఏడాదికొక జత. ఇది తెలిస్తే అమ్మేవాడూ మోసపోడు, కొనేవాడూ మోసపోడు.

ఇక ఉన్ని. దక్కని గొర్రెకు ఏటా రెండుసార్లు కత్తిరిస్తారు. ముందు చెరువులో కడిగి, ఆరనిచ్చి, కాళ్ళు కట్టి పడుకోబెట్టి చేతి కత్తెరతో కోస్తారు. ముసురులో, గట్టి చలిలో కత్తిరించకూడదు, గొర్రెకు జలుబు చేస్తుంది. కత్తెర తగిలిన చోట వెంటనే మందు రాయకపోతే పురుగు పడుతుంది. ఒక గొర్రెకు ఏడాదంతా కలిపి కిలోకు లోపే వస్తుంది. ఒకప్పుడు ఆ ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి ప్రతి రైతు భుజం మీదా ఉండేది. ఇప్పుడు ఉన్నికి ధర లేదు. కత్తిరించినందుకు మనమే కూలి ఇచ్చుకోవాలి. అయినా కత్తిరించక తప్పదు, ఉన్ని పెరిగితే వేసవిలో గొర్రెకు కష్టం, పిడుదులు చేరతాయి. కనుక ఉన్ని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆదాయమంతా పిల్లల మీద, కొంత ఎరువు మీద.

ఇప్పుడు మా మనవి. సంఘం ప్రతి ఏటా వితంతువులకు కుట్టు మిషన్లు ఇస్తున్నది. మంచిదే. పల్లెల్లో ఉండి, మేపే తావు ఉన్నవారికి అయిదేసి గొర్రెలు ఇచ్చే విషయం కూడా ఆలోచించాలి. కాని గొర్రెలు ఇచ్చి చేతులు దులుపుకోరాదు. మొదటి ఏడాది టీకాలు వేయించే బాధ్యత సంఘమే తీసుకోవాలి. మేత లేనివారికి, ఈత సమయంలో ఇంట్లో మనిషి ఉండనివారికి ఇవ్వకూడదు. ఇస్తే అది సహాయం కాదు, శిక్ష.

నేడు వదినగారి మందలో ముప్పై ఒక్క జీవాలు ఉన్నాయి. పెద్దమ్మాయి నర్సింగు చదువుతున్నది. ఫీజు కట్టింది గొర్రెపిల్లలే. బయట మేసే గొర్రెలు నలభై అయ్యి ఏడాది నిండితే ఒక గొర్రె జకాత్ ఇవ్వాలని మీకందరికీ తెలుసు. మొన్న వదినగారు మమ్మల్ని, "మరిదిగారూ, నలభైకి ఇంకెన్ని తక్కువ?" అని అడిగారు. తొమ్మిది అన్నాము. "ఇన్‌షా అల్లాహ్, ఈ రెండేళ్ళలో" అన్నారు. పుచ్చుకున్న చెయ్యి ఇవ్వటానికి తొందరపడుతున్నది. మన సంఘం కోరుకోవలసింది ఇదే.