బాత్‌రూం తాళం ఎవరి దగ్గర ఉంది?

(ఏజెన్సీ ప్రాంత డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

 

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పొద్దున్నే బస్సులు పట్టుకుని వచ్చిన పటేల్లూ, పెద్దలూ! నన్ను ‘ఉన్నత విద్యలో ఆదివాసీ యువత’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. చాలా పెద్ద అంశం. నేను మాత్రం ఒక చిన్న వస్తువు గురించి చెప్తా. తాళం.

నేను చదివిన డిగ్రీ కాలేజీలో అమ్మాయిల బాత్‌రూంకి తాళం ఉండేది. కాలేజీ పేరు చెప్పను. చెప్తే, ‘ఆ ఒక్క కాలేజీ గోస’ అనుకుని మిగతావాళ్ళు ఇంటికి పోతారు. మీ కాలేజీలో కూడా ఉందా లేదా, మీరే చూసుకోండి. తాళం చెవి ఆఫీసులో అటెండర్ దగ్గర ఉండేది. బాత్‌రూంకి పోవాలంటే ఆఫీసు గదిలోకి పోయి, అక్కడ కూర్చున్న నలుగురు మగవాళ్ళ ముందు చెవి అడగాలి. ఎవరు అడుగుతారు? మేము అడగలేదు. మూడేండ్లలో మేమంతా ఒక ఉపాయం నేర్చుకున్నం. పొద్దున హాస్టల్లో బయలుదేరినప్పటి నుంచి సాయంత్రం తిరిగి వచ్చేదాకా నీళ్ళు తాగకపోవడం. అది ఉపాయం అనుకున్నం. రోగం అని తెల్వదు.

నా రూంమేట్ ఒక అమ్మాయి. మా పక్క మండలం. ఆమెకు సికిల్ సెల్ ఉంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఈ మాట వినే ఉంటారు. ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలి లెక్క వంకర తిరుగుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే, చలి తగిలితే, బాగా అలసిపోతే ఆ కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు వచ్చే నొప్పి చూసినవాళ్ళకే తెలుస్తుంది. కాళ్ళు, నడుము, ఛాతీ పట్టుకుని మనిషి ముడుచుకుపోతుంది. డాక్టర్ ఆమెకు మొదట చెప్పిన మాట ఒకటే: ‘నీళ్ళు బాగా తాగాలి, చలిలో తిరగొద్దు.’

ఇప్పుడు లెక్క మీరే వేయండి. బాత్‌రూంకి తాళం, అందుకని నీళ్ళు తాగదు. మన ఆదిలాబాద్ చలికాలంలో తెల్లవారుజామున బోరు నీళ్ళతో స్నానం, ఆ తర్వాత రెండు కిలోమీటర్ల నడక. నొప్పి రాక ఏమవుతుంది? రెండో సంవత్సరం నవంబర్ నుంచి జనవరి దాకా ఆమె క్లాసులో కంటే ఆసుపత్రిలోనే ఎక్కువ ఉంది. హాజరు 75 శాతం లేదన్నారు. డాక్టర్ చీటీలు చూపించినం. ‘రూల్ రూలే’ అన్నారు. ఆమె చదువు ఆగిపోయింది.

కాలేజీ రికార్డులో ఆమె పేరు ఎదురుగా ‘డిస్‌కంటిన్యూడ్’ అని రాసి ఉంటది. ఎవరైనా పెద్ద సార్ రేపు ఆ రిజిస్టర్ తెరిచి, ‘గిరిజన బాలికల్లో డ్రాపౌట్ ఎక్కువ, చదువు మీద ఆసక్తి తక్కువ, బాల్య వివాహాలు’ అని రిపోర్ట్ రాస్తాడు. తాళం గురించి ఆ రిపోర్టులో ఉండదు.

ఆమె ఇప్పుడు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ మళ్ళీ మొదలుపెట్టింది. పోయిన నెల ఫోన్ చేసి, ‘నా పేరు చెప్పకు గానీ నా ముచ్చట చెప్పు’ అన్నది. అందుకే చెప్తున్నా.

మిత్రులారా, నాకు అప్పుడు తెలియని విషయం ఒకటి ఉంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. పాత 1995 చట్టంలో ఏడే ఉండేవి. ఆ 21లో సికిల్ సెల్ కూడా ఉంది. అంటే నా రూంమేట్ కాలేజీని అడిగింది దయ కాదు. ఆ చట్టం 16వ సెక్షన్ చాలా స్పష్టంగా చెప్తుంది: విద్యాసంస్థ తన భవనాన్ని, ఆవరణను, సౌకర్యాలను అందరూ వాడుకునేలా ఉంచాలి, ఒక్కో విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి. నీళ్ళ బాటిల్‌తో పరీక్షకు రానివ్వడం ఒక సర్దుబాటు. నొప్పి వచ్చిన రోజుల హాజరును సానుభూతితో కాకుండా హక్కుగా చూడడం ఇంకొకటి. ఇది మా ప్రిన్సిపాల్‌కు తెల్వదు. మాకూ తెల్వదు. తెల్వకపోవడం వల్ల ఆయనకు పోయిందేమీ లేదు. మాకే పోయింది.

2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేస్తామని లక్ష్యం పెట్టుకున్నారు. మన ఊళ్ళల్లో రక్త పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. మంచిదే. కానీ కార్డు ఇచ్చిన చేతులకు ఒక మాట చెప్పాలి: కార్డు జేబులో పెట్టుకుని ఆ పిల్ల వెళ్ళే కాలేజీలో మంచినీళ్ళ ట్యాప్ పని చేస్తుందా, బాత్‌రూం తెరిచి ఉందా, హాస్టల్లో వేడి నీళ్ళు ఉన్నాయా అని కూడా చూడండి. అది కూడా వైద్యమే.

ఇక రెండో ముచ్చట. మా కాలేజీలో ఒక అన్న ఉండె. చిన్నప్పుడే కాలు పోయింది, చంక కర్రలతో నడుస్తాడు. ఆయన క్లాసు పై అంతస్తులో. రోజూ ఇద్దరు దోస్తులు భుజాల మీద ఎత్తుకుని మెట్లు ఎక్కించేవాళ్ళు. అందరం దాన్ని చూసి మురిసిపోయినం. వార్షికోత్సవంలో స్టేజీ మీదికి పిలిచి ఆ ఇద్దరికీ శాలువా కప్పినారు. ఒకరోజు ఆ అన్న మాతో అన్నాడు: ‘మీరు మంచోళ్ళే. కానీ నేను ఒక్కసారి కిందికి పోవాలన్నా మీ మొఖం చూడాలి. మీరు రాని రోజు నేను కాలేజీకి రాను.’

ఆ రోజు నాకు సిగ్గనిపించింది. ఎందుకంటే పరిష్కారానికి రూపాయి ఖర్చు లేదు. టైంటేబుల్‌లో గది నంబర్ మార్చాలి, అంతే. కింద గదుల్లో పాత బెంచీలు పడేసి ఉన్నాయి. అవి పైకి పోతే, క్లాసు కిందికి వస్తుంది. మేము కాగితం రాసి ఇచ్చిన మూడు వారాలకు మార్చినారు. మూడేండ్ల కోర్సులో రెండున్నర ఏండ్లు భుజాల మీద పోయినాయి.

ర్యాంప్ లేదా అంటారేమో. ఉంది! న్యాక్ టీం వస్తుందని పదిరోజుల ముందు కట్టినారు. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో అదీ అంత నిటారుగా ఉంది. ర్యాంప్‌కు ఒక లెక్క ఉంటుంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మాది మూడడుగుల ఎత్తు, పొడవు చూస్తే పది అడుగులు కూడా లేదు. వీల్‌చైర్ దాని మీద నుంచి దిగితే నేరుగా గేటు దగ్గర ఆగుతుంది. న్యాక్ టీం వెళ్ళిపోయాక అది బైకుల పార్కింగ్ అయ్యింది. ఫొటో మాత్రం కాలేజీ పత్రాల్లో ఉంది.

చట్టం నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ ఐదేండ్లలో అందరికీ అందుబాటుగా మార్చాలని చట్టంలో గడువు. ఆ ఐదేండ్లు 2022తోనే అయిపోయినాయి. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఈ ప్రమాణాలు ‘వీలైతే చేయండి’ అనే సలహాలు కాకూడదు, తప్పనిసరి కావాలి అని. కాబట్టి ర్యాంప్ గురించి అడిగేటప్పుడు గొంతు తగ్గించాల్సిన పని లేదు.

మూడోది భద్రత. మన దగ్గర భద్రత అంటే గేటుకు కెమెరా పెట్టడం, అమ్మాయిలను ఆరు లోపల హాస్టల్లో ఉంచి తాళం వేయడం అనుకుంటారు. మళ్ళీ తాళమే! నేను అడిగేది వేరు. నాలుగున్నరకు ప్రాక్టికల్స్ అయిపోతాయి. నాలుగింటికే చివరి బస్సు పోతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో టికెట్ లేదు, సంతోషం. కానీ బస్సు ఉంటే కదా ఎక్కేది! మిగిలింది షేర్ ఆటో, లేదా నడక. కాలేజీ నుంచి మెయిన్ రోడ్డు దాకా ఒక్క లైటు లేదు. వానాకాలంలో రెండు పక్కలా గడ్డి, పాములు. దానికి తోడు రోడ్డు మీద నిలబడి మాటలనే పోరగాళ్ళు. అమ్మాయి ఏం చేస్తుంది? ప్రాక్టికల్స్ వదిలేస్తుంది. సైన్స్ గ్రూప్ తీసుకోదు. ‘ఆదివాసీ అమ్మాయిలు సైన్స్‌కు రారు’ అని మళ్ళీ ఇంకో రిపోర్ట్.

యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనల్లో ఆవరణలో లైట్లు, నమ్మకమైన రవాణా సంస్థ బాధ్యతలేనని ఉంది. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ప్రతి కాలేజీలో ఉండాలి. దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షురాలు కావాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. విద్యార్థుల విషయం అయినప్పుడు ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూర్చోవాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. మా కాలేజీలో ఆ కమిటీ గోడ మీద ఉండేది. బోర్డు మీద ఉన్న ముగ్గురు మేడంలలో ఇద్దరు అప్పటికే ట్రాన్స్‌ఫర్ అయి పోయినారు. ఫోన్ నంబర్ ఉన్న చోట పెయింట్ రాలిపోయింది. మీ కాలేజీకి పోయాక మొదటి పని, ఆ బోర్డు చదవండి. అందులో ఉన్న మేడం ఇప్పుడు ఉన్నదా, కనుక్కోండి. ర్యాగింగ్ అయితే దేశం మొత్తానికి ఒకటే నంబర్ ఉంది: 1800-180-5522. రాసుకోండి.

ఇవన్నీ మాట్లాడితే మనకు ఒక జవాబు వస్తుంది. ‘అడవిలో మీకు కాలేజీ ఇచ్చిందే ఎక్కువ.’ ఈ మాట నేను స్వయంగా విన్న. అప్పుడు నాకు జవాబు రాలేదు. ఇప్పుడు చెప్తా. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన ఊళ్ళల్లోకి పంపించింది. ఆ తర్వాతే 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలైంది, గోండీలో పాఠాలు తయారైనాయి. అంటే మన దగ్గరికి బడి ఎవరి జాలి వల్లనూ రాలేదు. వెనుక ఒక పోరాటం ఉంది, ప్రాణాలు ఉన్నాయి. జల్, జంగల్, జమీన్ అని అడిగినవాళ్ళ మనుమలం మనం. కాలేజీలో జల్ అడగడానికి భయపడితే ఎట్లా?

సరే, ఏం చేయాలి? మేము చేసిందే చెప్తా, గొప్పలు లేవు.

ముందు లెక్క పెట్టినం. నినాదం కాదు, లెక్క. ఒక నోట్‌బుక్ తీసుకుని ఆరుగురం కాలేజీ అంతా తిరిగినం. ఎన్ని బాత్‌రూంలు, ఎన్నింటికి తాళం, ఎన్ని ట్యాపులు, ఎన్నింట్లో నీళ్ళు వస్తున్నాయి, ఎక్కడ వైర్లు వేలాడుతున్నాయి, ఏ గదిలో ఫ్యాన్ లేదు. ఫొటో తీసి తేదీ రాసినం. తర్వాత ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇచ్చినం. రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నం. ముద్ర లేని కాగితం ఇచ్చినట్టు కాదు, గుర్తుపెట్టుకోండి. పదిహేను రోజులు చూసి, అదే కాపీతో సోమవారం ఐటీడీఏకు పోయినం. ఒక్కరిద్దరం కాదు, ముప్పై మందిమి. ఒక్కరు పోతే ఇంటర్నల్ మార్కులు గుర్తొస్తాయి. ముప్పై మంది పోతే ఎవరి మార్కులని కోస్తారు?

ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినం. ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘న్యాక్‌కు ఇచ్చిన నివేదికలో దివ్యాంగుల సౌకర్యాల గురించి ఏమని రాశారు? ఆ పేజీల నకలు ఇవ్వండి’ అని అడిగినం. ఆ ప్రశ్న బాగా పని చేసింది. కాగితం మీద ఉన్న కాలేజీకి, నేల మీద ఉన్న కాలేజీకి తేడా వాళ్ళ సంతకంతోనే బయటపడుతుంది.

ఐదు నెలలకు తాళం తీసినారు. కొత్త మోటార్ వచ్చింది. గేటు దగ్గర రెండు లైట్లు వెలిగినాయి. ర్యాంప్ ఇంకా అట్లనే ఉంది. బస్సు టైం మారలేదు. అన్నీ గెలిచినం అని అబద్ధం చెప్పను.

మీరు చేయాల్సినవి ఇంకో రెండు. మీ క్లాసులో సికిల్ సెల్, తలసేమియా, చూపు, వినికిడి, నడక ఇబ్బంది ఉన్నవాళ్ళను వైకల్య సర్టిఫికెట్ కోసం తీసుకుపొండి. 40 శాతం, ఆ పైన వైకల్యం నమోదైతే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో ఐదు శాతం సీట్ల రిజర్వేషన్ వర్తిస్తుంది. రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకు పరీక్షలో గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనంగా అడగొచ్చు. రెండోది, ఆ తోడబుట్టిన వాళ్ళ తరఫున మీరే మాట్లాడేయకండి. వాళ్ళను ముందు కూర్చోబెట్టండి. మేము ఆ అన్నను రెండున్నర ఏండ్లు మోసినం గానీ, ఏం కావాలని ఒక్కసారీ అడగలేదు. మా తప్పు అది.

చివరగా ఒక్క మాట. రేపు పొద్దున మీరు కాలేజీకి పోతారు. గేటు లోపలికి అడుగు పెట్టగానే ఒక ప్రశ్న వేసుకోండి: చంక కర్రల మీద వచ్చే అన్న, నొప్పి దాచుకుని వచ్చే చెల్లె ఈ రోజంతా ఇక్కడ ఇబ్బంది లేకుండా గడపగలరా? లేదు అని తోస్తే నోట్‌బుక్ తీయండి. మొదటి పేజీలో రాయండి: తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

రాం రాం. జై కుమ్రం భీం.