ఉమ్మడి ఖాతా – వారసుల హక్కు
(నల్లజర్లలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్మడి ఖాతాదారులలో ఒకరు మరణిస్తే ఏమవుతుంది? ‘ఎవరైనా ఒకరు లేదా జీవించి ఉన్నవారు’ అనే షరతు ఉన్నచో, మరణ ధ్రువపత్రం చూసి బ్యాంకు జీవించి ఉన్నవారికే చెల్లిస్తుంది. ఆ షరతు లేనిచో మృతుని వారసులు కూడా సంతకాలు చేయవలసి ఉంటుంది.

అయితే సొమ్ము అందుకొనుట వేరు, దానికి యజమాని అగుట వేరు. బ్యాంకు నామినీ సొమ్ము స్వీకరించేవాడే గాని వారసుడు కాడని రామ్ చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. మృతుడు కూడబెట్టిన సొమ్ములో మొదట అంత్యక్రియల ఖర్చు, అప్పులు, బాకీపడిన మహర్ తీరాలి. పిదప వాటాలు: సంతానమున్నచో భార్యకు 1/8, తల్లికి 1/6, మిగిలిన దానిలో కుమార్తెకు కుమారుని వాటాలో సగం.

పాస్‌బుక్కులో పేరు లేనంత మాత్రాన తల్లి హక్కు, కూతురి హక్కు పోవు. మరణించినవారి ఏటీఎం కార్డుతో సొమ్ము తీయక, బ్యాంకుకు తెలియజేయండి. నేడే మీ ఖాతా షరతు ఏమిటో, నామినీ ఎవరో చూసుకొనండి.