ఆగిన యాత్ర – సాగిన బొమ్మలు
(సంఘము వారి సాహిత్య గోష్ఠిలో చదివిన ప్రసంగ పాఠము)

సభాసదులలో నడివయస్సు దాటినవారికి ‘స్టార్ ట్రెక్’ అను పేరు క్రొత్త కాదు. 1980 దశకమున దూరదర్శన్‌లో ఆ ధారావాహిక వచ్చుచున్నప్పుడు, క్వార్టర్సులలో టెలివిజన్ ఉన్న ఇంట నాలుగిండ్ల పిల్లలు చేరెడివారు. మొనదేరిన చెవులు గల స్పాక్‌ను, అతని మిత్రుడైన కెప్టెన్ కిర్క్‌ను వారు మరచియుండరు. అయితే ఆ కథ పుట్టిన దేశమున మూడేండ్లకే ఆగిపోయినదనియు, ఆగిన పిదప దశాబ్దము పాటు దానిని ఎడతెగక నడిపినవి చౌకవెల గల బొమ్మల కథల పుస్తకములనియు ఎరిగినవారు తక్కువ. ఆ కామిక్ పుస్తకములే నేటి ప్రసంగ విషయము.

1966 సెప్టెంబరు 8వ తేదీన అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ ఈ ధారావాహికను ప్రసారము చేయ నారంభించెను. కర్త జీన్ రాడెన్‌బెరీ. ఎంటర్‌ప్రైజ్ అను అంతరిక్ష నౌక అయిదేండ్ల యాత్రకు బయలుదేరినదని ప్రతి భాగము మొదటను కిర్క్ కంఠము చెప్పుచుండును. ఆ అయిదేండ్లు నిండనే లేదు. రెండవ యేడు గడచుచుండగా నిలిపివేయుదురను వార్త పొక్కినది. అభిమానులు వేలకొలది ఉత్తరములు వ్రాసిరి. మూడవ యేడు దక్కినది. 1969 జూన్ 3వ తేదీన 79వ భాగముతో తెర పడినది.

తీసినన్నాళ్లును డబ్బునకు ఇబ్బందియే. ప్రతి గ్రహముమీదను నౌకను దింపి చూపుటకు ఖర్చు తాళలేక, మనుష్యులను వెలుగు రేణువులుగ కరగించి క్రిందికి పంపు ‘ట్రాన్స్‌పోర్టర్’ యంత్రమును కల్పించిరి. ప్రేక్షకులు శాస్త్ర విజ్ఞానమని అబ్బురపడినది నిజమునకు పద్దుల చిక్కులో నుండి పుట్టిన ఉపాయము. లెక్కల విభాగముల వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

బొమ్మల పుస్తకమునకు ఈ బాధ లేదు. వేయి తలల జంతువైనను, కూలుచున్న నగరమైనను సిరాబుడ్డి ఖరీదే. 1967 జూలై నెల పేరుతో తొలి సంచిక 12 సెంట్ల వెలకు వెలువడినది. ప్రకటించినవారు గోల్డ్ కీ. అది వెస్టర్న్ పబ్లిషింగ్ వారి శాఖ. మొదటి రెండు సంచికలకు నెవియో జెక్కారా, పిదప ఏండ్ల తరబడి ఆల్బెర్టో జియొలిట్టి బొమ్మలు వేసిరి. ఇరువురును ఇటలీవారు. ఆ ధారావాహిక అప్పటికి ఇటలీలో ప్రసారమే కాలేదు. రోము నగరమున కూర్చుండి, ప్రచారమునకై తీసిన ఛాయాచిత్రములను ముందుంచుకొని జియొలిట్టి ఆ లోకమంతయు గీచెను. ఛాయాచిత్రమున నౌక ఆకారము తెలియును గాని నడక తెలియదు గదా! అందుచేత ఆయన ఎంటర్‌ప్రైజ్ వెనుక గొట్టముల నుండి దీపావళి తారాజువ్వ వలె మంటలు చిమ్ముకొనుచు పోవును. తెరమీద అది ఎన్నడును మంట కక్కి యెరుగదు.

నవ్వి ఊరకుండదగిన పొరపాటిది. తొలి సంచికలోని పొరపాటు అట్టిది కాదు. అందు మొక్కలే జంతువులను కబళించు గ్రహమొకటి కలదు. ఎంటర్‌ప్రైజ్ వారు అచటికి పోయి, బ్రతికి బయటపడి, ఆకాశము నుండి లేసరు కిరణములు ప్రయోగించి ఆ గ్రహము మీది వృక్షజాతిని నిర్మూలించి పోవుదురు. పరాయి ప్రాణిని చంపుటకు ముందు తెలిసికొనుము అని బోధించిన ధారావాహిక ఇది. తొలి కథలు వ్రాసిన డిక్ వుడ్‌కు మూలముతో గాఢ పరిచయమున్నట్లు ఆ కథ తోపనీయదు. నౌక రంగు తప్పినచో సరిదిద్దవచ్చును, నౌకలోనివారి మనస్సు తప్పినచో పాఠకుడు ఎట్లు సహించును?

బ్రిటనులో మరింత వినోదము జరిగినది. బి.బి.సి. వారు ఈ ధారావాహికను 1969 జూలై 12వ తేదీన మొదలుపెట్టిరి. అంతకు ఆరు నెలల ముందే, జనవరిలో, ‘జో 90’ అను పిల్లల వారపత్రికలో దీని బొమ్మల కథ ప్రారంభమైనది. అందు కెప్టెన్ పేరు కిర్క్ కాదు, కర్ట్! చదువువారును మూలమును చూచినవారు కారు గనుక ఎవరికిని తప్పు తోచుటకు వీలు లేకపోయెను.

ఇన్ని లోపములున్నను గోల్డ్ కీ పుస్తకము 1979 వరకు, 61 సంచికలు నడచినది. నవలలు వచ్చినవి, 1973-74లలో 22 భాగముల యానిమేషన్ చిత్రమును వచ్చినది. కాని టెలివిజన్ విడిచిన యాత్రను అంతకాలము విడువక పట్టుకొన్నది ఈ పుస్తకమే. జియొలిట్టి రేఖలో సత్తువ కలదు. నలుపు చిక్కగా పులిమి గుహలు, శిథిలములు ఆయన చూపిన తీరు, అట్టముక్కల బండలు నిలిపిన టెలివిజన్ రంగస్థలమునకు అందనిది. 1970 తరువాత లెన్ వీన్ వంటి, మూలము నెరిగిన రచయితలు వచ్చిరి. 1978 నాటి 56వ సంచికలో పాత భాగమొకదానిలోని కాలద్వారము మరల తెరువబడినది. అనగా పుస్తకము మెల్లగా మూలమును చదువ నేర్చుకొన్నది.

తెలుగువారికి ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. నన్నయ అరణ్యపర్వము నడుమ విడిచిన భారతమును తిక్కన విరాటపర్వము నుండి అందుకొనెను. నడుమ మిగిలిన శేషమును ఎఱ్ఱన పూరించి, తన పేరు వెనుకకు నెట్టి, నన్నయ వలె రాజరాజనరేంద్రునికే అంకితము చేసెను. ఆ మహాకావ్యముతో పన్నెండు సెంట్ల పుస్తకమును తూచుట అపచారమే. పరుల కథను పొడిగించువాడు ఎవరి గొంతుతో పలుకవలెనన్న ప్రశ్న మాత్రము ఉభయత్ర ఒక్కటే.

1979లో చలనచిత్రము వచ్చినది. 1980 నుండి 1982 వరకు మార్వెల్ వారు 18 సంచికలు వేసిరి. వారి ఒప్పందము చలనచిత్రమునకే పరిమితమగుటచే పాత టెలివిజన్ పాత్రలను స్వేచ్ఛగా వాడుకొనజాలక పోయిరి. 1984లో డి.సి. వారు చేపట్టిరి. మైక్ బార్ కథకుడు, టామ్ సటన్ చిత్రకారుడు. మూడవ చలనచిత్రము చివర కిర్క్ బృందము రాజధిక్కారులై వల్కన్ గ్రహమున చిక్కి యుండిరి. బార్ వారిని అచటి నుండి లేవదీసి, ఎనిమిది సంచికల పెద్దకథ నడిపి, కిర్క్‌కు ఎక్సెల్సియర్ నౌకను, స్పాక్‌కు వేరొక నౌకను ఇప్పించెను. 1986లో నాలుగవ చిత్రము వచ్చుచుండగా తెలిసినదేమనగా, అందు అందరును వల్కన్‌లోనే ఉందురు! పుస్తకమువారు ఇచ్చిన నౌకలను లాగుకొని, స్పాక్ మనస్సునకు జబ్బు చేయించి, అందరిని మరల వల్కన్‌కు చేర్చవలసి వచ్చినది. సర్కారు క్వార్టర్సులో కాపురముండువారికి ఆ రచయిత అవస్థ తెలియును. తెరలు కట్టుకొనవచ్చును, తులసికోట పెట్టుకొనవచ్చును. గోడ మాత్రము కదల్పరాదు.

2019 మొదలు 2021 వరకు ఐ.డి.డబ్ల్యు. ప్రచురణ సంస్థ ‘ఇయర్ ఫైవ్’ అను వరుసలో, తెర చూపని ఆ అయిదవ యేటి కథను చెప్పినది. అంతకంటె విచిత్రమైన పుస్తకము అదే సంస్థ 2014లో వేసినది. 1967 ఏప్రిల్ 6వ తేదీన ప్రసారమైన ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ అను భాగమును వ్రాసినవాడు హార్లన్ ఎల్లిసన్. ఆయన వ్రాతప్రతిని ఇతరులు తిరుగవ్రాసి ప్రసారము చేసిరి. తిరుగవ్రాసిన భాగమునకు 1968లో హ్యూగో బహుమానము వచ్చినది. ఎల్లిసన్ మూల ప్రతికి రచయితల సంఘము బహుమానమిచ్చినది. ఎల్లిసన్ మాత్రము ఆ మార్పును దశాబ్దములు గడచినను క్షమింపలేదు. నలుబది యేడేండ్ల పిదప టిప్టన్ సోదరులు ఆయన మూల ప్రతినే బొమ్మల కథగ మార్చగా, జె.కె. వుడ్‌వర్డ్ రంగులలో చిత్రించెను. ఎల్లిసన్ 2018లో మరణించెను. ఆ పుస్తకమును కన్నులార చూచిన తరువాతనే.

అందు తెరమీద లేని పాత్ర యొకడు కలడు. మొదటి ప్రపంచయుద్ధమున కాళ్లు పోగొట్టుకొని వీథిలో బ్రతుకు సైనికుడు, పేరు ట్రూపర్. కాలచక్రములో అతనికి ఏ ప్రాముఖ్యమును లేదు, అతడు చనిపోయినను చరిత్ర మారదు. కడపటి ఘట్టమును వేరు. కిర్క్ ప్రేమించిన ఈడిత్ మరణించిననే చరిత్ర నిలుచును. తెరమీద కిర్క్ గుండె రాయి చేసికొని, ఆమెను రక్షింపబోయిన డాక్టర్ మెకాయ్‌ను తానే పట్టి ఆపును. ఎల్లిసన్ ప్రతిలో కిర్క్ ఆ పని చేయలేడు. నిశ్చేష్టుడై నిలిచిపోవును. చేయవలసినది స్పాక్ చేయును.