కోటు వేసుకున్న తొలి ఐదేళ్లు
(ఏజెన్సీ ప్రాంత యువ న్యాయవాదుల సమావేశంలో ఒక సీనియర్ చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ఇళ్లల్లో మొదటి డిగ్రీ మీదే, మొదటి నల్లకోటూ మీదే. ఊళ్లో "మన లాయరు" అంటారు. వినడానికి బాగుంటుంది గానీ ఆ మాటతో గది అద్దె తీరదు. ఈరోజు ఆ అద్దె గురించే మాట్లాడదామని వచ్చాను. మన పిల్లలు లా చదవడం లేదని కాదు. చదువుతున్నారు, రెండేళ్లు కోర్టు మెట్లెక్కి, మూడో ఏట గ్రూప్స్ కోచింగ్‌కి పోతున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. నేనూ ఒకసారి అప్లికేషన్ నింపినవాణ్ణే.

ముందు డబ్బు సంగతి. ఎన్‌రోల్‌మెంట్‌కి వేలకు వేలు కట్టాలని భయపడి ఆగిపోయిన తమ్ముళ్లు ఉన్నారు. 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు, మిగతావాళ్లకు 750. స్టాంపు డ్యూటీ వేరు. అంతకు మించి ఏ బార్ కౌన్సిలూ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు. ఇంకా ఎవరైనా ఎక్కువ అడిగితే ఆ తీర్పు ప్రింట్ తీసి చేతిలో పెట్టండి.

సీనియర్ దగ్గర చేరేటప్పుడు "నెలకు ఎంతిస్తారు సార్" అని అడగడానికి మనవాళ్లు నోరు తెరవరు. అడగండి. జూనియర్లకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇమ్మని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచన మాత్రమే, ఎంతమంది ఇస్తున్నారో మీకే బాగా తెలుసు. డబ్బు తక్కువిచ్చినా ప్లెయింటు, కౌంటరు మీ చేత రాయించి, ఎర్రపెన్నుతో దిద్దే సీనియర్ దొరికితే అక్కడే ఉండండి. ఫైళ్లు మోయించి వాయిదాలు రాయించుకునే ఆఫీసులో ఏడాది దాటి ఉండొద్దు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కి దరఖాస్తు పెట్టండి. క్రిమినల్ ఇష్టమైతే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పోస్టులు చూడండి, అసిస్టెంట్ స్థాయిలో కొత్తవాళ్లనూ తీసుకుంటారు. చెక్ బౌన్స్, యాక్సిడెంట్ క్లెయిమ్, మెయింటెనెన్స్ కేసులు వస్తే చిన్నచూపు చూడొద్దు. మొదట్లో అన్నం పెట్టేవి అవే.

మరి పేరు ఎక్కడొస్తుంది? మన దగ్గరే వస్తుంది. 1/70, అటవీ హక్కుల చట్టం, పెసా, అట్రాసిటీ చట్టం. ఇవి సేవ కోసం చేసే కేసులు అనుకుంటున్నారు మనవాళ్లు. కాదు. ఇది ఒక స్పెషలైజేషన్. హైదరాబాద్‌లో టాక్స్ లాయరు టాక్స్ చట్టం ఎంత లోతుగా చదువుతాడో, మీరు 1/70 అంత లోతుగా చదవాలి. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, అతను వేరే రుజువు చూపేదాకా, ఆదివాసీ నుంచి వచ్చినదేనని ఆ చట్టం భావిస్తుంది. రుజువు బరువు అవతలివాడి మీద ఉంది. అయినా మనవాళ్లే "మా దగ్గర కాగితాల్లేవు" అని తల వంచుకుని నిలబడతారు, పక్కన లాయరూ అలాగే నిలబడతాడు. 1988 నాటి పి.రామిరెడ్డి తీర్పు, 1997 సమత తీర్పు పేర్లు చెప్పేవాళ్లు చాలామందే, మొత్తం చదివినవాళ్లు ఎంతమంది? చేతులెత్తమని అడగను లెండి.

ఇంకొకటి మీ దగ్గర ఉంది, ఏ లా కాలేజీ ఇవ్వనిది. భాష. కోయ, గోండి, సవర, కువి. ఒక పోడు కేసులో పెద్దాయనను "ఎప్పట్నుంచి దున్నుతున్నారు" అని అడిగారు. "పెద్ద వరదొచ్చిన ఏడాది ఈ గట్టు మీదే గొడ్లను కట్టేశాం" అన్నాడు. సమాధానం స్పష్టంగా లేదని అధికారి రాసేశాడు. గోదారి ఒడ్డున పుట్టిన ఎవరికైనా తెలుసు, పెద్ద వరదంటే 1986 ఆగస్టు. అటవీ హక్కుల చట్టానికి కావలసింది 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉండటం. ఆయన దానికి 19 ఏళ్ల ముందు సంగతి చెప్పాడు! క్లెయిమ్‌దారు కాని ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే ఆ చట్టం నిబంధనల ప్రకారం అది సాక్ష్యమే. పక్కన మనవాడు ఒక్కడుంటే "వరద" పక్కన "1986" అని రాయించేవాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ప్రాక్టీసు కొత్తలో ఒక 1/70 కేసులో మాకు వ్యతిరేకంగా ఆర్డరు వచ్చింది. సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే అప్లికేషన్ పెట్టాలి. వేరే పనిమీద ఎలాగూ వస్తాను కదా, అప్పుడు పెడదాం అనుకున్నాను. అప్పీలు గడువు దాటింది. ఆలస్యాన్ని మన్నించమని వేసిన పిటిషన్ నిలవలేదు. ఆ కుటుంబం ఇవాళ అదే చేలో కూలికి పోతోంది. నన్ను ఒక్క మాట అనలేదు. సంతలో కనబడితే "బాగున్నావా సారూ" అంటారు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే డైరీ రాయండి, ఫోన్లో కాదు, పుస్తకంలో. అటవీ హక్కుల క్లెయిమ్ తిరస్కరిస్తే కారణంతో రాతపూర్వకంగా ఇవ్వాలి, పై కమిటీకి పోవడానికి 60 రోజులుంటాయి. "కొట్టేశారంట" అని నోటిమాటతో వచ్చినవాళ్లను కాగితం లేకుండా ఇంటికి పంపొద్దు.

ఫీజు. మనవాళ్లను అడగడానికి సిగ్గు. అడగకపోతే ఆ కేసు మీద మీకే శ్రద్ధ తగ్గుతుంది, నేను చూశాను. ఖర్చులు వేరు, ఫీజు వేరు అని మొదటిరోజే చెప్పండి. 500 ఇచ్చినా రసీదు రాయండి. ఇవ్వలేని వాళ్లకు లీగల్ ఎయిడ్ ఉంది, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వస్తుంది, ఆ దరఖాస్తు మీరే నింపండి. కానీ ఒకటి మాత్రం వద్దు. "గెలిస్తే ఎకరం నీ పేరున రాస్తా తమ్ముడూ" అంటారు, ప్రేమగానే అంటారు. మనం కూడా ఆదివాసీలమే కాబట్టి 1/70 అడ్డు రాదు. అక్కడే ప్రమాదం. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చిన ఆస్తిలో వాటా, రెండూ బార్ కౌన్సిల్ నిబంధనల్లో నిషేధం. పట్టా పోతుందని కాదు, సనద్ పోతుంది.

ఇంతకంటే తియ్యగా వచ్చేవాడు ఇంకొకడున్నాడు. పట్టణంలో షాపున్న పెద్దమనిషి. "లాయరుగారూ, స్థలం మీ పేరున ఉంటుంది, డబ్బు నాది" అంటాడు. బినామీకి మన పేరు, మన కులం సర్టిఫికెట్ కావాలి. మొదటి ఏడాదే వస్తాడు, ఎందుకంటే మీ జేబు సంగతి అతనికి తెలుసు. భూమి కేసుల్లో గిరిజనేతరుడి వకాల్తా తీసుకోవాలా వద్దా అని కొందరు అడుగుతున్నారు. ప్రతివాడికీ లాయరు హక్కు ఉంది, కాదనను. నేను మాత్రం తీసుకోలేదు. 20 ఊళ్లు నమ్మి వచ్చే ప్రాక్టీసు ఒక్క వకాల్తాతో పోతే తిరిగి రాదని నా లెక్క. మీ లెక్క మీరు వేసుకోండి.

రీల్స్ చేసే చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ ఒక మాట. చట్టం గురించి ఎంతైనా చెప్పండి, కోయలో చెబితే ఇంకా మంచిది. "నన్ను సంప్రదించండి" అని నంబర్ మాత్రం పెట్టొద్దు, ప్రకటన కింద లెక్క. గ్రామసభకు వెళ్లి కూర్చోండి. పని అడగాల్సిన అవసరం రాదు, సభ అయ్యాక చెట్టుకింద ఎవరో ఒకరు కాగితం మడత విప్పుతారు.

ఇక ప్రశ్నలు అడగండి. ఫీజు గురించైతే ముందు అదే తీసుకుందాం.