గీత ఎవరి కోసం?



నేను ఉద్యోగంలో చేరేనాటికి డ్రాయింగ్ బోర్డు, టీ-స్క్వేరు, ట్రేసింగ్ పేపరే మా సామగ్రి. గీత మార్చాలంటే బ్లేడుతో గీకేవాళ్లం. 1982లో పుట్టిన ఆటోక్యాడ్ మా ఆఫీసు దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు మీట నొక్కితే గీత పోతుంది.

సైటులో పోసిన కాంక్రీటు మాత్రం పోదు. పాత రివిజన్ ప్రింటు చూసి పిల్లర్ లేపితే పగలగొట్టాల్సిందే. ఫుటింగ్‌కు 50 మిల్లీమీటర్ల కవర్ డ్రాయింగులో రాయకపోతే, సైటులో తగ్గించేస్తే, లోపల రాడ్డుకు పట్టే తుప్పు ఎన్నో ఏళ్లకుగాని బయటపడదు.

క్యాడ్ ఆపరేటర్ అంటే "గీతలు గీసేవాడేలే" అని కొందరు తీసిపారేస్తారు. ఇంజనీరు లెక్క మేస్త్రి చేతికి చేరేది అతని షీటు మీదుగానే.

పిల్లలూ, ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక్క మాట. కమాండ్లు కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. నెలకొకసారైనా సైటుకు వెళ్లండి. రాడ్ బెండింగ్ మేస్త్రిని "ఇందులో మీకు తెలియనిది ఏదన్నా?" అని అడగండి. ఆయన వేలు పెట్టి చూపించిన చోటును ఆఫీసుకొచ్చి సరిచేయండి.