అంకెల హారము: ఒక మహావర్గసంఖ్య



సూరత్ నగరమునకు దక్షిణమున నున్న ఈ సచిన్ ప్రాంతము ఒకప్పుడు లాటదేశములోనిది. తొమ్మిదవ శతాబ్దిలో లాటమును రాష్ట్రకూట చక్రవర్తుల జ్ఞాతిశాఖవారు ఏలిరి. ఆ శాఖలోని కర్కరాజు క్రీ. శ. 821లో వేయించిన రాగిశాసనము సూరత్ శాసనమను పేర చరిత్రకారులకు సుపరిచితము. పిన్నవయసున సింహాసనమును పోగొట్టుకొన్న అమోఘవర్షుడు దానిని మరల పొందిన వృత్తాంతము అందు కలదు.

ఆ అమోఘవర్షుని కాలముననే, 850 ప్రాంతమున, జైన పండితుడగు మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహము’ను సంస్కృతమున రచించెను. గుణకారము నేర్పు ఘట్టమున ఆయన కొన్ని వింత లెక్క లిచ్చెను. వాని లబ్ధములను ఎటునుండి చదివినను ఒక్కటే. ఆచార్యుడు వానిని కంఠహారములతో పోల్చెను. 139ని 109చే గుణించిన 15151 వచ్చుట అందొకటి. అన్నిటికంటె అందమైనది మాత్రము 27994681ని 441చే గుణించుట. లబ్ధము 12345654321.

ఇది వట్టి వినోదమని తోచవచ్చును. కాని 441 అనగా 21 యొక్క వర్గము. 27994681 అనగా 5291 యొక్క వర్గము. రెండు వర్గముల లబ్ధము వర్గమే కావలెను గదా! 21ని 5291చే గుణించిన 111111 వచ్చును. కావున ఈ హారము ఆరు ఒకట్ల సంఖ్యకు వర్గము. దానిని దానిచేతనే గుణింపుమని చెప్పియున్నచో శిష్యునకు గుట్టు వెంటనే తెలిసిపోయెడిది. గురువులకు ఈపాటి కొంటెతనము ఉండదగినదే.

హార మెట్లు ఏర్పడినది? 111111ను ఆరు వరుసలుగా, ఒక్కొక్క వరుసను ఒక్కొక్క స్థానము ఎడమకు జరిపి వ్రాయుడు. నిలువుగా కూడినచో మొదటి నిలువున ఒక ఒకటి, తరువాత రెండు, మూడు, ఇట్లు నడుమ ఆరు. అటుపిమ్మట ఒక్కొక్కటి తగ్గును. తెలంగాణమునుండి సూరత్ వచ్చి మగ్గములపై జీవించు మన నేతకుటుంబముల వారికి ఈ మెట్ల అమరిక కంటితో చూచినంతనే బోధపడును. అంకెల మొత్తము 36, అదియు ఆరునకు వర్గమే.

ఈ సొగసునకు ఒక హద్దు కలదు. తొమ్మిది ఒకట్ల వర్గము 12345678987654321. పది ఒకట్లు తీసికొన్నచో నడిమి నిలువు మొత్తము పది యగును. ఒక స్థానమున పది పట్టదు. మిగులు ప్రక్కకు పోవును, 1234567900987654321 వచ్చును. హారము తెగినది!

ఈ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆతడు పదునొకండవ శతాబ్దివాడని పలువురి మతము. పద్యమున అంకెలను నేరుగా చెప్పుట కష్టము గనుక చంద్రుడన్న 1, వేదములన్న 4, బాణములన్న 5, ఆకాశమన్న 0 అని సంకేతించుచు, ఒకట్ల స్థానమునుండి ఎడమకు సాగుట ఆచారము. ఆ నియమ మెరుగని వ్రాయసకాడు సంఖ్యను తలక్రిందులు చేయును. హారసంఖ్యకు మాత్రము ఆ భయము లేదు.

మల్లన పేర వ్యాప్తిలోనున్న మరియొక పద్యమునకు ఆ రక్షణ లేదు. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ నుంచి, గడిగడికి రెట్టించుచు పోయినచో అరువది నాలుగు గడుల మొత్తమెంత యని అది చెప్పును: 18446744073709551615. ఇరువది అంకెలలో ఒక్కటియు తప్పలేదు. దీనికి ఒకటి కలుపుడు. 4294967296 యొక్క వర్గ మగును. ఒకటి తక్కువైన వర్గము గనుక మల్లన సంఖ్య 4294967297, 4294967295 అను రెండింటి లబ్ధము. వీనిలో మొదటిది అవిభాజ్యమని పదునేడవ శతాబ్దిలో ఫెర్మా తలచెను. 1732లో ఆయిలర్ దానిని 641 నిశ్శేషముగా భాగించునని చూపెను. అనగా మల్లన లెక్కించిన గింజలను 641 మందికి సమముగా పంచినచో ఒక్క గింజయు మిగులదు.